నలభై ఏడేళ్ళు ఒకే బ్యాండులో

స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం రాయమని సంపాదకవర్గ మిత్రులు ఫోన్ చేసినప్పుడు, మీకు ఆదర్శంగా నిలిచిన ఒక ప్రముఖుడి జీవితం గురించి రాస్తే బాగుంటుందని సూచించారు. విశ్వేశ్వరయ్య గారి గురించీ, కలాం గారి గురించీ నాకంటే బాగా రాయగలవాళ్ళు మన పూర్వ విద్యార్థుల్లో చాలామంది ఉన్నారు. అందుకని నేను మనలో చాలామంది పేరు కూడా విని ఉండని ఒక మనిషిని ఎంచుకున్నాను. ఆయన పేరు హ్యారీ కార్నీ. అమెరికాలోని నల్లజాతి కుటుంబంలో పుట్టిన శాక్సోఫోన్ విద్వాంసుడు. జాజ్ సంగీతం వినేవాళ్ళకు ఏ దేశంలోనైనా ఆయన పేరు పరిచితమే. ఆయన పోయి యాభై ఏళ్ళు దాటింది.

థర్మల్ విద్యుత్ కేంద్రంలో పనిచేసే ఇంజనీరుకు శాక్సోఫోన్ గొడవ ఎందుకని మీకు అనిపించవచ్చు. దానికి మన బడి మైదానం నుంచే మొదలుపెట్టాలి. ఎనిమిదో తరగతిలో నేను స్కూలు బ్యాండులో చేరాను. నాకు బ్యూగిల్ ఊదాలని కోరిక. డ్రిల్లు మాస్టారు నన్ను ఎగాదిగా చూసి, ఒళ్ళున్న పిల్లాడినని పెద్ద డ్రమ్ము మెడలో వేశారు. ఆగస్టు పదిహేను కవాతులో బ్యూగిల్ వాళ్ళు ముందు, నేను అందరికంటే వెనక. ఇంటికెళ్ళి ఏడ్చాను. మర్నాడు మా అమ్మ, మీ బ్యాండు వీధి మలుపు తిరగకముందే నీ డ్రమ్ము వినపడిందిరా అని చెప్పింది. అది నన్ను ఓదార్చడానికి చెప్పిన మాటే అనుకున్నాను అప్పట్లో.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా కేంద్రంలో కొత్త యూనిట్ బిగిస్తున్నారు. టర్బైన్ పనికి జర్మనీ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. వాళ్ళ ఊళ్ళో ఔత్సాహికుల బిగ్ బ్యాండు ఒకటి ఉందట, సెలవురోజుల్లో అందులో శాక్సోఫోన్ వాయిస్తాడట. పని ముగించుకుని వెళ్తూ నాకొక క్యాసెట్ ఇచ్చాడు. డ్యూక్ ఎల్లింగ్టన్ బ్యాండు. క్వార్టర్స్‌లో టేప్‌రికార్డర్‌లో పెట్టి విన్నాను. మొదట అంతా గోలగా అనిపించింది. నాలుగైదు సార్లు విన్నాక, అన్ని వాద్యాల కిందా ఒక మందమైన, గంభీరమైన నాదం నడుస్తోందని గమనించాను. టర్బైన్ హాల్లో నిలబడితే అరికాళ్ళకు తెలిసే శబ్దం లాంటిది. అది హ్యారీ కార్నీ బ్యారిటోన్ శాక్సోఫోన్ అని తరువాత తెలిసింది. అప్పటి నుంచి ఆయన గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను.

ముందు ఆ వాద్యం గురించి రెండు మాటలు చెప్పాలి. శాక్సోఫోన్ అంటే మనకు కద్రి గోపాల్‌నాథ్ గారు గుర్తొస్తారు. ఆయన చేతిలో ఉండేది ఆల్టో. దాన్ని కనిపెట్టిన బెల్జియం దేశస్థుడు అడాల్ఫ్ శాక్స్ 1846లో పేటెంట్ తీసుకున్నప్పుడే అందులో చిన్నా పెద్దా రకాలు ఒక కుటుంబంలా ఉన్నాయి. బ్యారిటోన్ ఆల్టో కంటే సరిగ్గా ఒక స్థాయి కింద పలుకుతుంది. స్థాయి దిగాలంటే గొట్టం పొడవు సుమారు రెట్టింపు కావాలి. అంత పొడవు మనిషి పట్టుకోలేడు కనుక పైన ఒక చుట్టు చుడతారు. బరువు ఐదారు కిలోలు. గంటల తరబడి మెడకు వేలాడదీసుకుని, అంత గొట్టాన్నీ ఊపిరితో నింపాలి. కార్నీకి ముందు దాన్ని మోతకు పనికొచ్చే వాద్యంగానే చూసేవారు. అది పాట కూడా పాడగలదని జాజ్‌లో మొదట గట్టిగా నిరూపించినవాడు కార్నీయే.

హ్యారీ హోవెల్ కార్నీ 1910 ఏప్రిల్ 1న బోస్టన్ నగరంలో పుట్టాడు. చిన్నప్పుడే పియానో నేర్చుకున్నాడు. తరువాత క్లారినెట్, ఆపైన ఆల్టో శాక్సోఫోన్ పట్టాడు. వాళ్ళ పేటలోనే జానీ హాడ్జెస్ అనే కుర్రవాడు ఉండేవాడు. కార్నీ కంటే మూడేళ్ళు పెద్ద. ఇద్దరూ రికార్డులు వింటూ, వాటిని అనుకరిస్తూ పెరిగారు. ఆ హాడ్జెస్ తరువాతి కాలంలో ఆల్టో శాక్సోఫోన్‌కు తిరుగులేని పేరు తెచ్చుకున్నాడు. ఒకే పేట నుంచి వచ్చిన ఈ ఇద్దరూ దశాబ్దాల పాటు ఒకే వరసలో కూర్చుని వాయించారు.

1927లో కార్నీ న్యూయార్క్ వెళ్ళాడు. అప్పటికి పదిహేడేళ్ళు. అక్కడ డ్యూక్ ఎల్లింగ్టన్ కంట పడ్డాడు. ఎల్లింగ్టన్ అప్పుడప్పుడే పేరు తెచ్చుకుంటున్న పియానో విద్వాంసుడు, స్వరకర్త, వయసు ఇరవై ఎనిమిది. బోస్టన్ చుట్టుపక్కల ప్రాంతంలో పర్యటనకు మనిషి కావలసివచ్చి ఈ కుర్రవాణ్ణి తీసుకున్నాడు. పర్యటన అయిపోయాక కూడా బ్యాండులో ఉంచుకోవాలనిపించింది. అయితే పిల్లవాడింకా చదువుకోవలసిన వయసులో ఉన్నాడు. ఎల్లింగ్టన్ స్వయంగా కార్నీ తల్లితో మాట్లాడి ఒప్పించుకోవలసి వచ్చింది. ఆ తల్లి ఎన్ని రాత్రులు ఆలోచించిందో మనలో పిల్లల్ని దూరం పంపినవాళ్ళకు తెలుస్తుంది. కార్నీకి ఆ తరువాత బడి అయినా, కాలేజీ అయినా, ఉద్యోగమైనా ఆ బ్యాండే.

ఆ ఏడాది డిసెంబరు 4న ఎల్లింగ్టన్ బృందం న్యూయార్క్ హార్లెమ్‌లోని కాటన్ క్లబ్బులో ప్రదర్శనలు మొదలుపెట్టింది. వాయించేవాళ్ళూ ఆడేవాళ్ళూ అందరూ నల్లవాళ్ళు. చూడటానికి వచ్చేవాళ్ళు మాత్రం తెల్లవాళ్ళు. నల్లవాళ్ళు ప్రేక్షకులుగా లోపల అడుగుపెట్టే వీల్లేదు. అయినా అక్కడి నుంచి వెలువడిన రేడియో ప్రసారాలు ఆ బ్యాండు పేరును అమెరికా అంతటా మోసుకెళ్ళాయి. మొదట్లో ఆల్టో, క్లారినెట్ వాయించిన కార్నీ త్వరలోనే బ్యారిటోన్‌కు మారాడు. దాన్ని ఎలా పలికించాలో చూపించడానికి ఆయనకు ముందు ఒరవడి లేదు. అందుకని టెనర్ శాక్సోఫోన్ వాయించే కోల్‌మన్ హాకిన్స్ నాదాన్ని పై స్వరాలకూ, బాస్ శాక్సోఫోన్ వాయించే అడ్రియన్ రొలీని నాదాన్ని కింది స్వరాలకూ ఆదర్శంగా పెట్టుకుని తన బాణీ తయారుచేసుకున్నాడు. లేని పనిముట్టును రెండు పాత పనిముట్ల నుంచి చేసుకోవడం ఇంజనీర్లకు కొత్తేమీ కాదు.

బిగ్ బ్యాండు అంటే సుమారు పదిహేనుమంది బృందం. ట్రంపెట్లు ఒక వరస, ట్రాంబోన్లు ఒక వరస, శాక్సోఫోన్లు ఒక వరస, వెనక పియానో, బాస్, డ్రమ్ములు. ఆరోజుల్లో స్వరకర్తలు సాధారణంగా వాద్యం పేరు వేసి రాసేవారు. ఎల్లింగ్టన్ మనిషి పేరు వేసి రాసేవాడు. ఈ స్వరం బ్యారిటోన్‌కు అని కాదు, కార్నీకి అని. సాధారణ పద్ధతిలో అన్నిటికంటే కింది వాద్యానికి ఆధార స్వరం ఇస్తారు. ఎల్లింగ్టన్ చాలాచోట్ల అలా చేయకుండా, స్వరమేళనంలోని మరో స్వరాన్ని కార్నీకి అప్పగించేవాడు. ఎవరూ ఊహించని చోట అంత బరువైన నాదం వచ్చి పడేసరికి మొత్తం బ్యాండు రంగే మారిపోయేది. అందుకే ఇతర బ్యాండులు అవే స్వరాలు వాయించినా ఆ ధ్వని వచ్చేది కాదు. 1940 మార్చిలో రికార్డు చేసిన కోకో అనే రచన కార్నీ పట్టిన కింది స్వరంతోనే మొదలవుతుంది. వినేవాళ్ళ చెవి పైన ట్రాంబోన్ల మీదికి పోతుంది. కాని ఆ కింది స్వరాన్ని తీసేసి ఊహించుకోండి, మిగతాది నిలబడదు. మా టర్బైన్ కింద ఉండే కాంక్రీటు పునాదిని కూడా సందర్శకులెవరూ ఫొటో తీసుకోరు.

కార్నీ తన చోట కూర్చుని ఊదడమే కాదు, స్వరరచనలోనూ చేయి వేశాడు. 1930ల ఆరంభంలో వచ్చిన రాకిన్ ఇన్ రిథమ్ అనే రచన మీద ఎల్లింగ్టన్ పేరుతో పాటు ఆయన పేరూ ఉంది. ఎల్లింగ్టన్ బ్యాండు దాన్ని చివరి రోజుల దాకా వాయిస్తూనే ఉంది.

ఆ కాలంలో నల్లవాళ్ళ బ్యాండు ఊరూరూ తిరగడం మాటలు కాదు. దక్షిణాది రాష్ట్రాల్లో ఎంత పేరున్న కళాకారుడికైనా హోటల్లో గది ఇవ్వరు, భోజనం పెట్టరు. అందుకని 1930లలో ఎల్లింగ్టన్ ప్రత్యేకంగా రైలు పెట్టెలు అద్దెకు తీసుకుని, అందులోనే పడక, అందులోనే వంట ఏర్పాటు చేసి దక్షిణాది పర్యటనలు నడిపాడు. 1933లో బ్యాండు మొదటిసారి ఇంగ్లండు వెళ్ళింది. 1939లో మళ్ళీ యూరప్ పర్యటన. అప్పటికి జర్మనీలో హిట్లర్ పాలన. నాజీల లెక్కలో జాజ్ హీనమైన సంగీతం. స్కాండినేవియా దేశాలకు వెళ్ళే దారిలో బ్యాండు జర్మనీ మీదుగా రైల్లో పోయింది తప్ప అక్కడ ఒక్క స్వరం వాయించే అవకాశం లేకపోయింది. అదే జర్మనీ నుంచి వచ్చిన మనిషి, యాభై ఏళ్ళ తరువాత, మన ఆంధ్రదేశంలో నా చేతిలో ఆ బ్యాండు క్యాసెట్ పెట్టాడు. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

ఇక ఆయన విశ్వాసం సంగతి. ఎల్లింగ్టన్ బ్యాండు నుంచి గొప్ప గొప్పవాళ్ళు బయటికి వెళ్ళారు. 1940లో ట్రంపెట్ విద్వాంసుడు కూటీ విలియమ్స్ బెన్నీ గుడ్‌మన్ బ్యాండుకు వెళ్ళిపోయాడు. అదే ఏడాది చేరిన టెనర్ శాక్సోఫోన్ విద్వాంసుడు బెన్ వెబ్‌స్టర్ మూడు నాలుగేళ్ళకే వెళ్ళాడు. 1951లో అయితే పెద్ద దెబ్బే తగిలింది. చిన్ననాటి స్నేహితుడు హాడ్జెస్, ట్రాంబోన్ వాయించే లారెన్స్ బ్రౌన్, మొదటి నుంచీ డ్రమ్ములు వాయించిన సనీ గ్రీర్, ముగ్గురూ ఒకేసారి తప్పుకున్నారు. బిగ్ బ్యాండుల కాలం అయిపోయిందని అందరూ అంటున్న రోజులవి. చాలా బ్యాండులు మూతబడ్డాయి. కార్నీ కదల్లేదు.

ఆయనకు బయట విలువ లేక ఉండిపోయాడనుకోవద్దు. 1938 జనవరి 16న న్యూయార్క్ కార్నెగీ హాల్లో గుడ్‌మన్ జరిపిన చరిత్రాత్మక కచేరీకి అతిథిగా పిలిచిన కొద్దిమందిలో కార్నీ ఒకడు. 1954లో తీగవాద్యాల తోడుతో ఆయన పేరు మీదే ఒక రికార్డు వచ్చింది. కాని సొంత పేరుతో చేసినవి బహు స్వల్పం. ఆ రికార్డు చేసి మళ్ళీ వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. 1955లో హాడ్జెస్ తిరిగొచ్చాడు. అప్పటి నుంచి 1968 వరకు హాడ్జెస్, రస్సెల్ ప్రొకోప్, జిమ్మీ హామిల్టన్, పాల్ గన్సాల్వెస్, కార్నీ, ఈ ఐదుగురి వరస మారకుండా సాగింది. అయిదుగురు కళాకారులు పదమూడేళ్ళు పక్కపక్కన కూర్చోవడం ఎంత కష్టమో, ఏ ఆఫీసులోనైనా ఒకే గదిలో పనిచేసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

మరో ముచ్చట ఉంది. తరువాతి దశాబ్దాల్లో బ్యాండు బస్సులో ప్రయాణిస్తే, ఎల్లింగ్టన్ కార్నీ కారులో వెళ్ళేవాడు. కార్నీ తోలేవాడు, ఎల్లింగ్టన్ పక్కన కూర్చుని దారి చూస్తూ, మనసులో స్వరాలు అల్లుకుంటూ ఉండేవాడు. రాత్రి కచేరీ ముగించి, తెల్లవార్లూ కారు తోలి, మర్నాడు మరో ఊళ్ళో ఐదారు కిలోల వాద్యం మెడకు తగిలించుకునేవాడు. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకునేవారు కాదట. ఆ మౌనంలో ఎన్ని రచనలు పుట్టాయో లెక్కలేదు.

ఈ బ్యాండుకూ మన దేశానికీ నిజమైన సంబంధం ఒకటుంది. 1963లో అమెరికా ప్రభుత్వం తరఫున ఎల్లింగ్టన్ బృందం పశ్చిమాసియా, దక్షిణాసియా దేశాల్లో పర్యటించింది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా కూడా వచ్చారు. నవంబరులో కెనెడీ హత్య జరిగినప్పుడు బృందం టర్కీలో ఉంది, పర్యటన అక్కడితో ఆగిపోయింది. ఆ ప్రయాణం జ్ఞాపకాలతో ఎల్లింగ్టన్, ఆయన సహరచయిత బిల్లీ స్ట్రేహార్న్ కలిసి ఫార్ ఈస్ట్ సూట్ అనే రచన చేశారు. 1966 డిసెంబరులో రికార్డు చేశారు. అందులో ఒక భాగం పేరు ఆగ్రా. తాజ్‌మహల్ గురించి. తాజ్‌మహల్ అంటే ఏ సన్నని క్లారినెట్‌కో, మెత్తని ఆల్టోకో ఇస్తారని అనుకుంటాం. ఎల్లింగ్టన్ దాన్ని కార్నీ బ్యారిటోన్‌కు ఇచ్చాడు. విన్నాక నాకు అర్థమైంది. తాజ్ అందం మనం చూస్తాం, దాని బరువు ఆయన వినిపించాడు.

కార్నీకి మరో విద్య పట్టుబడింది. ముక్కుతో గాలి పీలుస్తూనే బుగ్గల్లో దాచిన గాలితో ఊదుతూ, స్వరం తెగకుండా నిలపడం. మన సన్నాయి మేళంలో శ్రుతి పట్టేవాళ్ళు చేసేది ఇదే. సొఫిస్టికేటెడ్ లేడీ అనే పాట చివర ఆయన ఒకే స్వరాన్ని అలా నిలిపి ఉంచితే హాలంతా ఊపిరి బిగబట్టేది. ఇలాంటి కచేరీ రికార్డు ఒకటి మా ఆవిడకు వినిపిస్తే, ఈయన ఊపిరి ఎప్పుడు తీసుకుంటాడండీ అని కంగారుపడింది.

1970 మే నెలలో హాడ్జెస్ పోయాడు. బోస్టన్ పేట స్నేహం అక్కడితో ముగిసింది. 1973 అక్టోబరులో లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఎల్లింగ్టన్ తన మూడో భక్తి సంగీత కచేరీ జరిపాడు. అప్పటికే ఆయన ఆరోగ్యం దెబ్బతింది. ఆ కచేరీలో భారం చాలావరకు అరవై మూడేళ్ళ కార్నీ మీద పడింది. 1974 మే 24న ఎల్లింగ్టన్ కన్నుమూశాడు. అంతకు కొద్ది రోజుల ముందే గన్సాల్వెస్ లండన్‌లో పోయాడు. ఎల్లింగ్టన్ కొడుకు మెర్సర్ బ్యాండు బాధ్యత తీసుకున్నాడు. కార్నీ ఆయన వెంట కూడా వాయించాడు. కాని డ్యూక్ లేని లోకంలో తనకిక బతకడానికి ఏమీ మిగల్లేదని సన్నిహితులతో అన్నాడని చెబుతారు. అదే ఏడాది అక్టోబరు 8న న్యూయార్క్‌లో కార్నీ పోయాడు. నాలుగున్నర నెలల తేడా.

ఈ ముగింపు నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. నాకూ ఇందులో సొంత లెక్క ఒకటుంది కనుక. నేను ముప్పై ఏళ్ళ పైబడి ఒకే విద్యుత్ కేంద్రంలో ఉన్నాను. నలభై దాటకముందు గల్ఫ్ నుంచి మంచి ఉద్యోగం వచ్చింది. జీతం నాలుగింతలు. వెళ్ళలేదు. అమ్మానాన్నల ఆరోగ్యం కారణమని అందరికీ చెప్పాను. అది కొంత నిజం. యూనిట్‌ను వదిలి వెళ్ళడానికి మనసు రాకపోవడం మిగతా నిజం. బ్యాచ్ కలయికలకు వచ్చినప్పుడల్లా, ఇంకా అక్కడే ఉన్నావా అని స్నేహితులు ప్రేమగానే అడుగుతారు. ఏటేటా ఆ ప్రశ్న కొంచెం బరువెక్కుతూ వచ్చింది. ఉండిపోవడం విశ్వాసమా, భయమా? నా విషయంలో రెండూ ఉన్నాయని ఈ వయసులో ఒప్పుకుంటే తప్పు లేదు.

కార్నీ జీవితం దీనికి తేలిక సమాధానం ఇవ్వదు. బయటికి వెళ్ళి సొంత బ్యాండు పెట్టుకుని ఉంటే ఆయన పేరు ఇంకా పెద్ద అక్షరాల్లో ఉండేదేమో. ఒక్క మనిషి చుట్టూ జీవితమంతా కట్టుకుంటే ఆ మనిషి పోయాక ఏం మిగులుతుందన్న ప్రశ్న కూడా ఉంది. నేను రిటైరయ్యే రోజు దగ్గరపడుతున్నకొద్దీ ఆ ప్రశ్న నాకు భయంగానే ఉంది. కాని ఒకటి మాత్రం రూఢిగా చెప్పగలను. ఆయన అక్కడే ఉండిపోయాడంటే అక్కడే ఆగిపోయాడని కాదు. పదిహేడేళ్ళప్పుడు వాయించిన తీరులో అరవైలలో వాయించలేదు. కుర్చీ మారలేదు, అందులో కూర్చున్నవాడు ఏటేటా పెరిగాడు. ఎల్లింగ్టన్ రచనల్లో సగం అందం, ఈ మనిషి రేపు కూడా ఇక్కడే ఉంటాడన్న ధీమాతో రాసింది.

ఇది రాస్తుంటే మన లెక్కల మాస్టారు గుర్తొచ్చారు. ఎందరో హెడ్మాస్టర్లు వచ్చారు, వెళ్ళారు. ఆయన మాత్రం అదే గదిలో, అదే నల్లబల్ల దగ్గర. పదో తరగతి లెక్కలు అంటే ఆయనే. ఆయన హెడ్మాస్టరు కాలేదని అప్పట్లో మేం జాలిపడేవాళ్ళం. ఇవాళ మన సంఘంలో ఇంజనీర్ల జాబితా తీస్తే ఆ గదిలో కూర్చోనివాళ్ళు ఎంతమంది ఉంటారు? ఆయన ఇప్పుడు లేరు. ఉన్నప్పుడు ఈ మాట చెప్పలేదన్న బాధ నాకుంది. ఇంకా మన మధ్య ఉన్న ఉపాధ్యాయులకైనా ఈ సంచిక ద్వారా చెప్పుకుంటున్నాను. మీ శ్రుతి మీదే మేమంతా పాడాం.

ఉత్సవం రోజు పిల్లల బ్యాండు కవాతు ఉంటుందని కార్యదర్శి గారు చెప్పారు. ముందు నడిచే బ్యూగిల్ పిల్లల్ని అందరూ చూస్తారు. నేను చివరిదాకా నిలబడి, వెనక పెద్ద డ్రమ్ము మోసే పిల్లవాణ్ణో పిల్లనో కలిసి, మా అమ్మ చెప్పిన మాట చెప్పి వస్తాను.